రిపేర్ టేబుల్: డబ్బా ఖరాబు కాలేదు

(పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు. సిగ్నల్ ఎట్లా మారుతోందో గీతగా చూపే యూఎస్‌బీ ఆసిలోస్కోప్‌ను లైనక్స్ కంప్యూటర్‌కు తగిలించారు, సాఫ్ట్‌వేర్ ఎక్కదు. ఎక్కితే డబ్బా కనబడదు. కనబడితే గీత కదలదు. నల్లగొండ గడియారం దగ్గర ఇరవై ఆరేళ్లు రేడియోలు, టీవీలు బాగుచేసినవాణ్ణి నేను. నాకు సీఆర్‌ఓ (పాత తరం ఆసిలోస్కోప్) అంటే ఒక చేత్తో లేవని ఇనుప పెట్టె. స్విచ్ వేసి చాయ్‌కి చెప్పి వచ్చేసరికి పచ్చ గీత వచ్చి ఉండేది. ఇప్పుడది అరచేతిలో పట్టే డబ్బా అయింది, గీత గీసే పని కంప్యూటర్ నెత్తిన పడింది. తిప్పలన్నీ అక్కడే మొదలయ్యాయి.

కమాండ్లను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి, పెద్దక్షరం కావలసిన చోట చెబుతాను. పోయిన నెల ఒకాయన తెలుగు కీబోర్డుతో కొట్టి "మీరు చెప్పింది పని చేయట్లేదు" అని రాశారు. తప్పు ఆయనది కాదు, నేనే చెప్పలేదు.

మిర్యాలగూడ నుంచి ఒక మెకానిక్: సార్, రైస్‌మిల్లుల్లో బియ్యం కలర్ సార్టర్ల బోర్డులు రిపేరు చేస్తా. కోఠిలో సెకండ్ హ్యాండ్‌లో హాన్‌టెక్ 6022బీఈ అనే యూఎస్‌బీ స్కోప్ తీసుకున్నా. దాంతో ఇచ్చిన సీడీలో విండోస్ సాఫ్ట్‌వేరే ఉంది. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఉబుంటు 22.04 లైనక్స్. ఓపెన్‌హాన్‌టెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ డెబ్ ఫైల్ (ఉబుంటులో ఎక్కించే ప్యాకేజీ) దించి డీపీకేజీ అనే కమాండ్‌తో ఎక్కిస్తే "డిపెండెన్సీ ప్రాబ్లమ్స్" అని వరసగా ఎర్రర్లు. విసుగొచ్చి సోర్స్ కోడ్ తెచ్చి నేనే కంపైల్ చేసిన (నడిచే ప్రోగ్రామ్‌గా మార్చిన), ఆ ఫోల్డర్‌లోంచే తెరుస్తున్నా. తెరిస్తే డివైస్ దొరకలేదంటది. సుడో పెట్టి, అంటే అడ్మిన్ హోదాలో, తెరిస్తే నడుస్తది. అదీ ఒక్కోసారి మధ్యలో ఆగుతది. డబ్బానే ఖరాబా? విండోస్ వేసుకోమంటారా?

తమ్ముడూ, వేసుకోవద్దు. డబ్బా బాగుందని నీ ఉత్తరంలో నువ్వే రాశావు. సుడో పెడితే నడుస్తోంది అంటే కేబుల్ బాగుంది, చిప్ బాగుంది, నువ్వు కంపైల్ చేసింది కూడా బాగుంది. మామూలు యూజర్‌గా నీకు ఆ డబ్బాను ముట్టుకునే పర్మిషన్ లేదు, అంతే.

నాకిది పుస్తకం చదివితే తెలిసింది కాదు. మూడు రాత్రులు ఇదే గొడవలో గడిపాను. సాఫ్ట్‌వేర్ నాలుగుసార్లు తీసి నాలుగుసార్లు ఎక్కించాను. ఆఖరికి ఉబుంటునే చెరిపి కొత్తగా వేశాను. మా ఇంటామె వచ్చి "ఆ డబ్బాతోటి ముచ్చట అయిపోయిందా, లైటు తీసెయ్యాల్నా" అని అడిగింది. అయిపోలేదు. ఎందుకంటే నేను డబ్బాను అనుమానిస్తున్నాను, ఉబుంటును అనుమానిస్తున్నాను గానీ, పని ఏ మెట్టు దగ్గర ఆగిందో ఒక్కసారి కూడా అడగలేదు. టీవీ బాగుచేసేటప్పుడు అట్లా చేస్తానా? ముందు సప్లయ్ చూస్తా, తర్వాత హారిజాంటల్, తర్వాత వీడియో. కంప్యూటర్ దగ్గర కూర్చోగానే ఆ బుద్ధి ఎటు పోయిందో.

ముందు ఈ డబ్బా సంగతి తెలుసుకో. 6022బీఈ లోపల ఉండేది సైప్రెస్ వాళ్ల ఎఫ్ఎక్స్2 అనే చిప్. తన పని తానెట్లా చేయాలో చెప్పే ప్రోగ్రామ్ దాని దగ్గర ఉండదు. లేబర్ అడ్డా మీది మనిషి అనుకో. పొద్దున వస్తాడు, నువ్వు పని చెప్పాలి, సాయంత్రం పోతాడు, మర్నాడు మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ప్లగ్ పెట్టిన ప్రతిసారీ కంప్యూటరే దానికి ఆ ప్రోగ్రామ్‌ను, అంటే ఫర్మ్‌వేర్‌ను, పంపాలి. అది ర్యామ్‌లో ఉంటుంది, ప్లగ్ పీకితే పోతుంది.

ఇక్కడే ఒక చిత్రం ఉంది. టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీలో) ఎల్ఎస్‌యూఎస్‌బీ అని కొట్టు. కంప్యూటర్‌కు తగిలించిన యూఎస్‌బీ సామానంతా వరసగా వస్తుంది. డబ్బా పెట్టగానే చూస్తే 04బి4:6022 అని నంబర్ ఉంటుంది. ఓపెన్‌హాన్‌టెక్ తెరిచి, ఫర్మ్‌వేర్ పోయాక మళ్లీ చూడు, 04బి5:6022 అవుతుంది. ఒక్క అంకె తేడా. ఫర్మ్‌వేర్ అందగానే డబ్బా తనంతట తాను ప్లగ్ పీకినట్టు మాయమై, కొత్త నంబర్‌తో తిరిగి వస్తుంది. ఆ కొత్త నంబర్ పక్కన రోమ్ అని వేరే కంపెనీ పేరు కనబడుతుంది. దాన్ని చూసి "నాకు డూప్లికేట్ అంటగట్టారు" అని కోఠి బస్సెక్కకు. నంబర్ల జాబితాలో ఆ అంకె ఆ కంపెనీ పేరు మీద నమోదై ఉంది, అంతకుమించి ఏమీ లేదు.

కాబట్టి పర్మిషన్ రెండు నంబర్లకూ ఇవ్వాలి. ఒక్క మొదటిదానికే ఇస్తే ఫర్మ్‌వేర్ పోతుంది, డబ్బా కొత్త నంబర్‌తో తిరిగొస్తుంది, గడప దగ్గర ఆపేస్తారు. ఎల్ఎస్‌యూఎస్‌బీలో కనబడుతుంది, సాఫ్ట్‌వేర్‌కు దొరకదు. చాలామంది ఇల్లంతా తిరిగేది ఇక్కడే.

ఈ పర్మిషన్లు ఇచ్చేది లైనక్స్‌లోని యూడెవ్ అనే భాగం. దాని రూల్స్ చిన్న చిన్న ఫైళ్లు. ఓపెన్‌హాన్‌టెక్‌తో పాటు అలాంటి ఫైల్ ఒకటి వస్తుంది, పేరు 60తో మొదలవుతుంది. డెబ్ ప్యాకేజీ సరిగ్గా ఎక్కితే అది దాని చోట్లో అదే కూర్చుంటుంది. నువ్వు కంపైల్ చేసి ఆ ఫోల్డర్‌లోంచే తెరుస్తున్నావు, సిస్టమ్‌లోకి ఎక్కించే మేక్ ఇన్‌స్టాల్ కమాండ్ కొట్టలేదు, అందుకే రూల్ ఫైల్ సోర్స్‌లోని యుటిల్స్ ఫోల్డర్‌లోనే పడి ఉంది. దాన్ని ఈటీసీ, యూడెవ్, రూల్స్.డి అనే చోటికి సుడోతో కాపీ చెయ్యి. తర్వాత "సుడో యూడెవ్‌ఏడీఎమ్ కంట్రోల్ మైనస్ మైనస్ రీలోడ్ మైనస్ రూల్స్" కొట్టు. ఆ తర్వాత డబ్బా ప్లగ్ పీకి మళ్లీ పెట్టు. పీకి పెట్టకపోతే రూల్ వచ్చినా పాత పర్మిషనే ఉంటుంది. ఈ ఒక్క పని మరిచి, రూల్ పనిచేయట్లేదని రాసినవాళ్లు ఈ నెలలో ముగ్గురు.

ఆ 60 అంకెను మార్చకు. నా మూడు రాత్రులు పోయింది దాని మీదే. ఎక్కడో చూసి రూల్ ఫైల్‌కు 99తో మొదలయ్యే పేరు పెట్టాను, ఆఖర్న నడిచేదే గెలుస్తుందని నా లెక్క. ఆ రూల్ చేసేది డబ్బాకు యూయాక్సెస్ అనే చీటీ అంటించడం. ఆ చీటీ ఉన్నవాటిని చూసి, కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి పర్మిషన్ ఇచ్చే పని 73తో మొదలయ్యే ఇంకో ఫైల్‌ది. ఫైళ్లు అంకెల వరసలో నడుస్తాయి. నా 99 వచ్చి చీటీ అంటించేసరికి 73 వాడు సంతకాలు పెట్టి ఇంటికి పోయాడు.

సుడోతోనే నడిపిస్తే ఏం పోతుంది అంటావేమో. పోతుంది. కొన్ని లైనక్స్‌లలో అలా తెరిచినప్పుడు సెట్టింగ్‌ల ఫైల్ నీ ఇంటి ఫోల్డర్‌లోనే రూట్ (అడ్మిన్) పేరు మీద తయారవుతుంది. తర్వాత మామూలుగా తెరిస్తే సెట్టింగ్‌లు సేవ్ కావు, ఎందుకో అర్థం కాదు. రూల్ పెట్టాక అట్లా జరిగితే ఆ ఫైల్ ఎవరి పేరు మీద ఉందో చూసి సీహెచ్ఓడబ్ల్యూఎన్ అనే కమాండ్‌తో నీ పేరుకు మార్చుకో.

ఇక మొదటి ఎర్రర్లు. డీపీకేజీ ఇచ్చిన ఫైల్‌ను విప్పుతుందే గానీ, దానికి కావలసిన క్యూటీ, ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ, లిబ్‌యూఎస్‌బీ లాంటి లైబ్రరీలను తెచ్చిపెట్టదు. ఆ పని ఆప్ట్ అనే ఇంకో కమాండ్‌ది. ఫైల్ ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్లి "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్" అని కొట్టి, ఒక స్పేస్, తర్వాత చుక్క, వాలుగీత, వెంటనే ఫైల్ పేరు. ఆ చుక్క, వాలుగీత లేకపోతే ఆప్ట్ నీ ఫోల్డర్‌లో చూడదు, ఇంటర్నెట్‌లోని తన దుకాణంలో వెతికి లేదంటుంది. సగం ఎక్కి సగం ఆగిన పాతదాన్ని సర్దడానికి ముందుగా "సుడో ఆప్ట్ మైనస్ మైనస్ ఫిక్స్ మైనస్ బ్రోకెన్ ఇన్‌స్టాల్" కొట్టు. నన్నడిగితే కంపైల్ చేసిన ఫోల్డర్‌ను పక్కన పెట్టి ఇలా డెబ్‌తోనే ఎక్కించు, రూల్ ఫైల్ కూడా దాంతోనే వస్తుంది, నేను పైన చెప్పిన కాపీ పని తప్పుతుంది.

మధ్యలో ఆగడం వేరే రోగం. లెక్క చూడు. డబ్బా గరిష్ఠంగా సెకనుకు 4.8 కోట్ల శాంపిళ్లు తీస్తుంది, ఒక్కోటి 8 బిట్లు. అంటే సెకనుకు 384 మెగాబిట్లు. యూఎస్‌బీ 2.0 మొత్తం వేగమే 480 మెగాబిట్లు. అదే హబ్‌లో మౌస్, పెన్‌డ్రైవ్, ఫోన్ చార్జింగ్ పెడితే ఇరుకు సందులో వడ్ల లారీ దూరినట్టే. హబ్ తీసేసి ల్యాప్‌టాప్‌కే నేరుగా పెట్టు. రెండు తలల కేబుల్ ఇచ్చి ఉంటే రెండు తలలూ పెట్టు, ఒకటి కరెంటు కోసం. శాంపిల్ రేటు తగ్గించుకో. సార్టర్‌లో రంగు మారిన గింజను గాలితో ఊది తోసే వాల్వ్‌కు వచ్చే పల్స్ మిల్లీసెకన్లలో ఉంటుంది, దానికి కోట్ల శాంపిళ్లు ఎందుకు?

సూర్యాపేట నుంచి: ఓపెన్‌హాన్‌టెక్ ఎక్కింది. తెరిస్తే గీతలు వచ్చే చోట నల్లటి కిటికీ. డబ్బా సమస్యా, ల్యాప్‌టాప్ సమస్యా తేలట్లేదు.

తేల్చడం తేలిక. డబ్బా పీకేసి, సాఫ్ట్‌వేర్‌ను డెమో మోడ్‌లో తెరవండి, టెర్మినల్‌లో దాని పేరు (ఓపెన్ మొదటి అక్షరం, హాన్‌టెక్ మొదటి అక్షరం పెద్దవి) తర్వాత "మైనస్ మైనస్ డెమోమోడ్", అందులో "మోడ్" మొదటి అక్షరం పెద్దది. డబ్బా లేకుండానే అది సొంతంగా గీతలు చూపించాలి. అప్పుడూ నలుపే అయితే గ్రాఫిక్స్ గొడవ. ఓపెన్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ పద్ధతితో గీస్తుంది కాబట్టి పాత ల్యాప్‌టాప్‌లు మొరాయిస్తాయి. "మైనస్ మైనస్ యూజ్‌జీఎల్‌ఈఎస్" పెట్టి చూడండి, ఇందులో జీఎల్‌ఈఎస్ నాలుగూ పెద్దక్షరాలు.

మహబూబ్‌నగర్ నుంచి డిప్లొమా విద్యార్థి: మా ల్యాబ్‌లో పాత కంప్యూటర్ ఉంది. డెబ్ ఎక్కిస్తే "ఆర్కిటెక్చర్ ఏఎమ్‌డీ64 సరిపోదు" అంటోంది. మాది ఇంటెల్ ప్రాసెసర్ కదా, ఏఎమ్‌డీ ఎందుకు అడుగుతోంది సార్?

పేరు చూసి మోసపోకు. 64 బిట్‌కు ఆ పద్ధతిని ముందు తెచ్చింది ఏఎమ్‌డీ కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. ఇంటెల్ 64 బిట్ ప్రాసెసర్లకూ అదే ప్యాకేజీ. మీ కంప్యూటర్‌లో ఉన్నది 32 బిట్ లైనక్స్. "యూనేమ్" కొట్టి స్పేస్ ఇచ్చి "మైనస్ ఎమ్" పెట్టు. ఐ686 అని వస్తే 32 బిట్. అక్కడితో ఆగకు, ఎల్ఎస్‌సీపీయూ కూడా కొట్టు. అందులో ఆప్‌మోడ్ అన్న వరసలో 32, 64 రెండూ ఉంటే ప్రాసెసర్ 64 బిట్‌దే, ఎవరో 32 బిట్ లైనక్స్ వేసి వదిలేశారు. మీ సార్‌ను అడిగి 64 బిట్‌ది వేయించండి. నిజంగానే 32 బిట్ ప్రాసెసర్ అయితే డెబియన్ అనే లైనక్స్‌లో 12 వరకు దానికి ఇన్‌స్టాలర్ ఉంది, 13 నుంచి లేదు. సోర్స్ నుంచి కంపైల్ చేసుకోవాలి. పాలమూరు ఎండలో ఆ పాత డబ్బా కంపైల్ ముగించేలోపు మధ్యాహ్నం భోజనం చేసి రావచ్చు.

ఇంకో తమ్ముడు ఇలాంటిదే రాశాడు, లిబ్‌సీ6 అనే మూల లైబ్రరీ 2.34 వెర్షన్ కావాలంటోందట, వాళ్లది ఉబుంటు 20.04. దాంట్లో ఉన్నది 2.31. ఎక్కడి నుంచో కొత్త లిబ్‌సీ తెచ్చి చేత్తో ఎక్కించొద్దు. సిస్టమ్ మొత్తం దాని మీదే నిలబడి ఉంటుంది, పునాది రాయి పీకినట్టవుతుంది. ఉబుంటునే కొత్తదానికి మార్చుకో, లేదా ఆ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ దించుకో.

వనపర్తి నుంచి ఎలక్ట్రానిక్స్ విద్యార్థిని: సార్, ఓపెన్‌హాన్‌టెక్ బాగానే నడుస్తోంది. పల్స్‌వ్యూ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కించాను. కానీ దాంట్లో డబ్బా కనబడదు. మళ్లీ ఓపెన్‌హాన్‌టెక్‌లోకి వస్తే ఇక్కడా కనబడదు. టెన్షన్‌గా ఉంది, ప్రాజెక్టు డేట్ దగ్గరికొచ్చింది.

వనపర్తి అంటే మనసు ఎటో పోతుందమ్మా. రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడిచే ఊరు. అంత ఎత్తు కప్పుల కింద సీఆర్‌ఓ గీతను చూస్తూ చదువుకున్నవాళ్లు నాకు దోస్తులున్నారు.

టెన్షన్ వద్దు. పైన మిర్యాలగూడ తమ్ముడికి చెప్పిన అడ్డా కూలీ సంగతే ఇది. పల్స్‌వ్యూ అనేది సిగ్‌రాక్ వాళ్లది, దాని ఫర్మ్‌వేర్ వేరు, దానికి సిగ్‌రాక్ మైనస్ ఫర్మ్‌వేర్ మైనస్ ఎఫ్ఎక్స్2ఎల్ఏఎఫ్‌డబ్ల్యూ అనే ప్యాకేజీ కూడా ఎక్కి ఉండాలి. ఒకరు పని చెప్పి పంపిన మనిషికి ఇంకొకరు వచ్చి వేరే పని చెబితే దిక్కులు చూస్తాడు. ఒక సాఫ్ట్‌వేర్ మూసేయ్, డబ్బా ప్లగ్ పీకి ఐదు లెక్కపెట్టు, మళ్లీ పెట్టి రెండోది తెరువు. రెండూ ఒకేసారి తెరిచి పెట్టకు.

గద్వాల నుంచి: స్కోప్ కొనే స్తోమత లేదు. ల్యాప్‌టాప్ మైక్ పిన్నుతో సరిపెట్టుకోవచ్చా?

కొంతవరకు. దానికి ఎక్స్ఓస్కోప్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఆప్ట్‌తో నేరుగా దొరుకుతుంది. సౌండ్ కార్డుతో గీత గీస్తుంది. 20 కిలోహెర్ట్జ్ దాటితే ఏమీ కనబడదు, డీసీ వోల్టేజీ అసలే కనబడదు. ఆడియో ఆంప్లిఫయర్ రిపేరుకు చాలు. మైక్ పిన్ను కోరేది మిల్లీవోల్టులు, రెసిస్టర్లతో తగ్గించకుండా ఏదీ తగిలించొద్దు.

దేవరకొండ నుంచి రైతు: మా బోరు మోటారు స్టార్టర్ మాటిమాటికి ట్రిప్ అవుతోంది. మా పిల్లగాడి దగ్గర మీరు రాసే డబ్బా ఉంది. మూడు ఫేజులకు దాని క్లిప్పులు పెట్టి కరెంటు ఎట్లా వస్తోందో చూడొచ్చా?

వద్దన్నా. ఈ ఉత్తరం చదివి ముందు మీకే జవాబు రాయబుద్ధయింది. ఆ డబ్బా నల్ల క్లిప్పు, ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పైన ఉండే లోహం, రెండూ లోపల ఒకే తీగ. ఆ క్లిప్పు ఫేజుకు తగిలితే ల్యాప్‌టాప్ ఒళ్లంతా కరెంటే, దాని మీద చెయ్యి మీ పిల్లగాడిది. చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపినా అంతే. చార్జర్ ఉంటే షార్టయి డబ్బా కాలుతుంది, లేకపోతే మనిషికి తగులుతుంది. న్యూట్రల్‌కు పెడితే ఏమవుతుంది అనుకోవద్దు, బోర్ల దగ్గర న్యూట్రల్ ఎంత నమ్మకమో మీకే తెలుసు. ఫేజుల మధ్య 415 వోల్టులంటే అది ఒక రకం సగటు (ఆర్‌ఎమ్‌ఎస్ అంటారు) లెక్క, అల పైకి పోయేది 580 దాటి. 10ఎక్స్ ప్రోబ్ (డబ్బాకు తగిలించే కొలిచే తీగ) వోల్టేజీని పదో వంతు చేస్తుంది గానీ నల్ల క్లిప్పును ఏమీ చేయదు.

సింగిల్ ఫేజ్‌లో అల చూడాలంటే 230 నుంచి 6 వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, ఆ 6 వోల్టుల వైపే చూడాలి. మంచి ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు చుట్లకు తీగ సంబంధం ఉండదు. 20 మిల్లీసెకన్లకో అల కనబడుతుంది. మోటారు ట్రిప్‌కు మాత్రం స్కోప్ అక్కర్లేదు. లైన్‌మన్‌ను గానీ తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను గానీ పిలిచి మూడు ఫేజుల వోల్టేజీ, క్లాంప్ మీటర్‌తో ఒక్కో ఫేజు ఆంపియర్లు చూడమనండి. ఒక ఫేజు తగ్గి ఉంటే అక్కడే తెలిసిపోతుంది.

ఇది రాసి ముగించేలోపే మిర్యాలగూడ తమ్ముడు ఫోన్ చేశాడు. జవాబు అందేదాకా ఆగలేక నంబర్ కనుక్కున్నాడట. పైన రాసిందే ఫోన్‌లో చెప్పాను. డెబ్ ఆప్ట్‌తో ఎక్కించాడు, ప్లగ్ పీకి పెట్టాడు, సుడో లేకుండా తెరుచుకుంది. "కానీ సార్, డబ్బా ముందున్న పిన్నుకు ప్రోబ్ పెడితే చదరం రావాలె గదా, మూలలు గుండ్రంగ అరిగినట్టు వస్తున్నయి. ఇప్పుడన్నా డబ్బా ఖరాబేనా?" కాదు. ఆ పిన్ను మీద వచ్చేది 1 కిలోహెర్ట్జ్ చదరపు అల. ప్రోబ్ 10ఎక్స్‌లో ఉన్నప్పుడు ఆ మూలలను సరిచేయడానికి దాని మెడ దగ్గర గానీ కనెక్టర్ దగ్గర గానీ చిన్న స్క్రూ ఉంటుంది. ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తిప్పి, మూలలు సూటిగా వచ్చేదాకా చూసి వదిలెయ్యమన్నాను. ఫోన్ పెట్టకుండానే తిప్పాడు. "వచ్చింది సార్, వచ్చింది" అన్నాడు, వెనక మిల్లు చప్పుడులో మిగతాది వినబడలేదు.